లెక్కల టీచరుకు ఉత్తరాలు: లీలావతి ఎవరు?

గత నెల ఈ శీర్షికలో భాస్కరాచార్యుడి ‘లీలావతి’ నుంచి ఒక లెక్క ఇచ్చాను. చక్రవాకాలు, క్రౌంచ పక్షులు తిరిగే చెరువులో ఒక తామరమొగ్గ నీటికి జానెడు పైన కనబడుతోంది. గాలికి మెల్లమెల్లగా ఒరిగి, మొదట ఉన్న చోటికి రెండు మూరల దూరంలో మునిగింది. చెరువు లోతెంత? జవాబు మూడు ముప్పాతిక మూరలు. కాడ పొడవు లోతు కన్నా అర మూర ఎక్కువ. ఒరిగిన కాడ కర్ణం, లోతూ రెండు మూరల దూరమూ భుజాలు. మిగతాది పదో తరగతి పాఠమే. ఉత్తరాలు రాసినవారిలో చాలామంది సరిగ్గా చేశారు. అల్లూరు నుంచి ఒక పెద్దాయన జాన, మూర అనే మాటలు చదవగానే చిన్నప్పుడు గుమ్మంలో అమ్మ చేసే మల్లెపూల బేరం గుర్తొచ్చిందని రాశారు. కానీ లెక్క మీద కంటే అది రాసిన మనిషి మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. అందుకని ఈ నెల శీర్షిక అంతా ఆయనకే.

లీలావతి భాస్కరాచార్యుడి కూతురనీ, గడియారపు గిన్నెలో ముత్యం పడి ఆమె పెళ్లి ముహూర్తం తప్పిపోయిందనీ, ఆమెను ఓదార్చడానికే తండ్రి ఆ పుస్తకం రాశాడనీ మా అమ్మమ్మ చెప్పేది. ఇది నిజంగా జరిగిందా టీచర్ గారూ?
— డిగ్రీ విద్యార్థిని, కావలి

అమ్మా, ఈ కథను నేనూ చాలా ఏళ్లు తరగతిలో చెప్పాను. గిన్నె అడుగున సన్నని చిల్లు, గిన్నె నీట మునిగే క్షణమే ముహూర్తం, తొంగిచూసిన పిల్ల నగలోంచి ముత్యం జారి ఆ చిల్లుకు అడ్డం పడటం... నల్లబల్ల మీద గిన్నె బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. కోవూరు దగ్గర ఒక ఊళ్లో తొమ్మిదో తరగతికి ఇలాగే చెబుతున్నప్పుడు, చివరి వరుసలో ఒక పిల్ల లేచి, “పెళ్లి జరిగిపోయి ఉంటే ఆమెకు లెక్కలు నేర్పేవాడు కాదా టీచర్?” అని అడిగింది. ఆ పిల్ల అక్కకు కుదిరిన సంబంధం ఆ వారమే తప్పిపోయిందని నాకు తరువాత తెలిసింది. నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టారు, నేను సుద్దముక్క పెట్టెలో వేసి బయటికి వచ్చేశాను. ఈ కథ ఎక్కడ పుట్టిందో వెతకడం ఆ సాయంత్రం మొదలుపెట్టాను.

భాస్కరుడు ‘లీలావతి’ని రాసింది 1150లో. అక్బరు ఆజ్ఞ మీద ఆయన ఆస్థాన కవి ఫైజీ దాన్ని పారసీలోకి తెచ్చింది 1587లో. ముత్యం కథ మనకు కనబడేది ఆ పారసీ పుస్తకం ముందుమాటలో. మధ్యలో నాలుగు వందల ఏళ్లకు పైగా గడిచాయి. భాస్కరుడు తన గోత్రం, తండ్రి పేరు, ఊరు, పుట్టిన ఏడు చెప్పుకున్నాడు కానీ ఈ పెళ్లి మాట ఎక్కడా చెప్పలేదు. మనవడి కాలంలో వేయించిన 1207 నాటి శాసనం ఆ వంశాన్ని తరాల వారీగా వర్ణించింది. అందులో కొడుకు లక్ష్మీధరుడు ఉన్నాడు, మనవడు చంగదేవుడు ఉన్నాడు. లీలావతి అనే కూతురు లేదు.

మరి పుస్తకంలో ఏముంది? మొట్టమొదటి కూడిక లెక్క “అయే బాలే లీలావతి మతిమతి” అనే పిలుపుతో మొదలవుతుంది. ఓ బాలా, లీలావతీ, బుద్ధిమతీ, రెండు, అయిదు, ముప్పై రెండు, నూట తొంభై మూడు, పద్దెనిమిది, పది, వంద కలిపితే ఎంతో చెప్పు, ఆ మొత్తాన్ని పదివేలలోంచి తీసేస్తే ఎంతో కూడా చెప్పు, నీకు కూడికలూ తీసివేతలూ బాగా వచ్చి ఉంటే. మొత్తం 360. తీసేస్తే 9640. ఆ తరువాత గుణకారం దగ్గర ‘లేడిపిల్ల కళ్లవంటి చంచలమైన కళ్లున్న బాలా’ అని పిలిచి, 135ను 12తో హెచ్చించమంటాడు. ఇంకొన్ని లెక్కల్లో పిలుపు ‘మిత్రమా’ అని, ‘గణకా’ అని. తామరమొగ్గ లెక్క గణకుడికి వేసినదే. చివరి శ్లోకంలో లీలావతి అనే మాట స్త్రీకీ పుస్తకానికీ రెంటికీ అన్వయించేలా శ్లేష పెట్టాడు.

ఆ మొదటి శ్లోకంలో పెళ్లి ఊసు లేదు, ఓదార్పు లేదు. బుద్ధిమతీ అనే పిలుపు ఉంది, వెంటనే కూడిక ఉంది. ఆ ఏడాది నుంచి నేను ముత్యం కథ మానేసి ఆ శ్లోకాన్ని బల్ల మీద రాయడం మొదలుపెట్టాను. ఆ చివరి వరుస పిల్లను ముందుకు పిలిచి, మొత్తం ఆమె చేతనే కట్టించాను. మీ అమ్మమ్మ గారితో వాదించకండి. ఆవిడ కథ చెప్పాక మీరు ఈ కూడిక చెప్పండి.

మావాడు ఏడో తరగతి. గుణకారాలు, భాగహారాలు గబగబా చేస్తాడు. అదే లెక్కను మాటల్లో ఇస్తే పుస్తకం మూసేస్తాడు. ఎప్పటివో ఈ పాత లెక్కలు వాడికి ఏం పనికొస్తాయి మేడం?
— రొయ్యల రైతు, విడవలూరు మండలం

అన్నా, మీవాడికి ఈ లెక్క వేయండి. ముందు ‘లీలావతి’లో ఇచ్చిన నాణేల పట్టిక చెప్పండి: 20 గవ్వలు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణం, 16 పణాలు ఒక ద్రమ్మం. ఒక పిసినారిని ఒక యాచకుడు చేయి చాచి అడిగాడు. పిసినారి ఇచ్చింది ఇదీ: ద్రమ్మంలో సగం, అందులో మూడింట రెండు వంతులు, అందులో ముప్పావు, అందులో అయిదో వంతు, అందులో పదహారో వంతు, అందులో పావు. మొత్తం ఎన్ని గవ్వలు ఇచ్చాడు?

పిల్లలు ఆ భిన్నాల వరుస చూసి మొదట బెదురుతారు. ఒక్కొక్కటే హెచ్చించుకుంటూ పోతే ద్రమ్మంలో 1280వ వంతు తేలుతుంది. ద్రమ్మానికి గవ్వలు ఎన్ని? ఇరవై నాలుగుల ఎనభై, ఎనభై పదహార్ల 1280. అంటే ఒక్క గవ్వ! అక్కడ తరగతి అంతా పకపకా నవ్వుతుంది. చిల్లిగవ్వ కూడా రాల్చడు అని మనం అనే మనిషినే ఆయన భిన్నాల్లో పెట్టాడు. నేను ఈ లెక్క వేసిన ప్రతిసారీ, జవాబు వచ్చిన పిల్ల పక్కపిల్లకు చెప్పకుండా ఆగలేకపోయేది. మాటల లెక్కంటే భయం పోవడానికి నాకు తెలిసిన మందు అదే: చివర్లో ఏముందో చూడాలన్న ఆత్రం పుట్టాలి.

ఇక పనికొచ్చే సంగతి. లోకమంతా నారాయణుడు నిండి ఉన్నట్లు గణితమంతా త్రైరాశికమే నిండి ఉందని భాస్కరుడు అన్నాడు. మూడు తెలిస్తే నాలుగోది కనుక్కోవడమే త్రైరాశికం. మా నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. మన నెల్లూరు లెక్కలో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు. పుట్టి ధర చెబితే ఇన్ని బస్తాల ధర ఎంతో ఆయన వేళ్ల మీద చెప్పేవాడు. దాని పేరు త్రైరాశికం అని ఆయనకు తెలియదు. మీరూ రోజూ చేస్తున్నారు. నలభై కౌంటు రొయ్య అంటే కిలోకు నలభై, ఒక్కోటి 25 గ్రాములు. యాభై కౌంటు అయితే 20 గ్రాములు, వంద కౌంటు అయితే 10 గ్రాములు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతోంది కదా, దీన్ని ఆయన వ్యస్త త్రైరాశికం అన్నాడు. పట్టుబడి రోజున మీవాడిని గట్టు మీదికి తీసుకెళ్లి, కౌంటు మీరు చెప్పి, రొయ్య బరువు వాడిని చెప్పమనండి. ఆ తరువాత పుస్తకం తెరవనివ్వండి.

నేను కొత్తగా చేరిన ఉపాధ్యాయుడిని. ‘లీలావతి’ లెక్కలన్నీ పిల్లలకు చెప్పవచ్చా?
— పొదిలి

అన్నీ చెప్పకండి. మీరు మాత్రం అన్నీ చదవండి.

వ్యస్త త్రైరాశికం దగ్గరే రెండు ఉదాహరణలు ఒకే శ్లోకంలో ఉన్నాయి. రెండేళ్లు పని చేసిన ఎద్దు నాలుగు నిష్కాలు (ఆనాటి నాణేలు) పలికితే, ఆరేళ్లు పని చేసినది ఎంత? ఒకటిన్ని మూడో వంతు నిష్కం. ఒంగోలు గిత్తలను చూసిన మన పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. దానికి ముందున్న సగం ఇదీ: పదహారేళ్ల స్త్రీకి 32 నిష్కాలు వస్తే, ఇరవై ఏళ్ల స్త్రీకి ఎంత? ఇరవై అయిదున్ని అయిదింట మూడు వంతులు.

ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. ఒక పిల్లను బుద్ధిమతీ అని పిలిచిన నోటితోనే ఇంకొక పిల్లకు ధర కట్టాడు. మనుషులను కొని అమ్మిన కాలం అది, ఆ సంత ఆయన కళ్ల ముందు ఉంది, దాన్ని చూసినట్టే లెక్కలో పెట్టాడు. నేను దీన్ని చిన్న తరగతుల్లో చెప్పలేదు. అడిగిన పెద్ద పిల్లలకు మాత్రం దాచలేదు. ఆయన మీద గౌరవం తగ్గిపోతుందని దాచిపెడితే, ఆ గౌరవానికి అంత బలం లేదన్నమాట. నాకు ఆయన మీద గౌరవం ఉంది. ఆ శ్లోకం మీద కోపమూ ఉంది.

గురుత్వాకర్షణను న్యూటన్ కంటే అయిదు వందల ఏళ్ల ముందే భాస్కరాచార్యుడు కనిపెట్టాడని మా కాలనీ సభలో ఒకరు చెప్పారు. నిజమేనా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

ఆయన ఏమన్నాడో ముందు చూద్దాం. ‘సిద్ధాంతశిరోమణి’కి నాలుగు భాగాలు: లీలావతి, బీజగణితం, గ్రహగణితం, గోళాధ్యాయం. గోళాధ్యాయంలో భూమికి ఆకర్షణ శక్తి ఉందనీ, ఆకాశంలో ఉన్న బరువైన వస్తువును అది తనవైపు లాక్కుంటుందనీ, అదే మనకు పడిపోతున్నట్టు కనిపిస్తుందనీ అన్నాడు. వెంటనే ఒక ఎదురు ప్రశ్న వేశాడు: చుట్టూ అన్ని వైపులా ఆకాశం సమానంగా ఉన్నప్పుడు ఈ భూమి తాను ఎటు పడుతుంది? ఆధారం లేకపోతే భూమి కిందికి పడిపోతుంది కదా అనే వాదనకు ఆయన ఇచ్చిన జవాబు అది. ఎంత చక్కని జవాబు! ‘కింద’ అనేదే లేదని ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు.

న్యూటన్ 1687లో చేసినది వేరే పని. ఆ లాగే బలం దూరం పెరిగేకొద్దీ ఎంత తగ్గుతుందో సూత్రం కట్టి, చెట్టు మీది పండునూ ఆకాశంలోని చంద్రుడినీ ఆ ఒక్క సూత్రంతోనే లెక్కగట్టాడు. ఆ సూత్రం గోళాధ్యాయంలో లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి ఆయనను పొగిడితే, ఉన్నదాన్ని చదివేవాళ్లు ఉండరు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఉన్నది తక్కువా? గ్రహం రోజంతటి మీద ఎంత కదిలిందో చెప్పడం చాలదనీ, ఈ క్షణంలో దాని వేగం ఎంతో కావాలనీ ఆయనకు తోచింది. దాన్ని తాత్కాలిక గతి అన్నాడు. జ్య (సైన్) ఒక క్షణంలో ఎంత మారుతుందో కోటిజ్య (కొసైన్) మీద ఆధారపడి ఉంటుందని చూపించాడు. ఈనాడు ఇంటర్ మొదటి ఏడు పిల్లలు అవకలనంలో సైన్‌కు కొసైన్ రాసేది ఆ సంబంధాన్నే. ఇంకొకటి నాకు చాలా ఇష్టం. భూమి గుండ్రమైతే బల్లపరుపుగా ఎందుకు కనిపిస్తుంది అని అడిగి, పరిధిలో నూరో భాగం తిన్నగానే కనిపిస్తుంది, మనిషి చూడగలిగేది చాలా కొంచెం అన్నాడు. మైపాడు సముద్రం ఒడ్డుకు వెళ్లినప్పుడల్లా ఆ నూరో భాగం గుర్తొస్తుంది. మీ సభలో ఈసారి ఇవి చెప్పండి.

ఆయన చేసిన లెక్కల్లో అన్నింటికంటే కష్టమైనది ఏది?
— ఇంటర్ విద్యార్థి, అద్దంకి

బాబూ, కాగితం తీసుకో. ఏ సంఖ్య వర్గాన్ని 61తో హెచ్చించి ఒకటి కలిపితే మళ్లీ వర్గమే వస్తుంది? బీజగణితంలో భాస్కరుడు మిత్రుడిని అడిగిన ప్రశ్న ఇది. అదే శ్లోకంలో 67తో కూడా అడిగాడు. 67కు జవాబు 5967: దాని వర్గాన్ని 67తో హెచ్చించి ఒకటి కలిపితే 48842 వర్గం వస్తుంది. ఇక 61కి వచ్చే అతి చిన్న జవాబు చూడు: 226153980. అప్పుడు వచ్చే వర్గమూలం 1766319049. ఒకటి, రెండు, మూడు అని ప్రయత్నించుకుంటూ పోతే ఇరవై రెండు కోట్ల పైచిలుకు సార్లు చేయాలి.

ఆయన వాడిన పద్ధతి పేరు చక్రవాళం. చక్రంలా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ గమ్యానికి దగ్గరవుతుంది. మొదట 8 వర్గం 64 తీసుకుంటాడు. 61 ఒకట్ల 61, తేడా 3. ఆ మూడును పట్టుకుని తరువాతి మెట్టుకు వెళ్తే 39 వస్తుంది. 39 వర్గం 1521, 5 వర్గాన్ని 61తో హెచ్చిస్తే 1525, తేడా 4 తక్కువ. తేడా నాలుగుకు వచ్చిందంటే ఇక భాస్కరుడికి ముందటి గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు ఎప్పుడో చూపించిన దారి ఉంది, అక్కడి నుంచి జవాబు త్వరగా దొరుకుతుంది. ఇదే 61 లెక్కను ఫ్రాన్సులో ఫెర్మా 1657లో తోటి గణితజ్ఞులకు సవాలుగా విసిరాడు.

ఒక్క మాట గుర్తుంచుకో. చక్రవాళం భాస్కరుడు ఒక్కడి సొంతం కాదు. జయదేవుడనే గణితజ్ఞుడికి అది అంతకు ముందే తెలుసు. భాస్కరుడు కూడా తన బీజగణితం చివర బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు రాసినవి చాలా విస్తారంగా ఉన్నాయనీ, వాటి సారం తీసి తాను ఇచ్చాననీ చెప్పుకున్నాడు. తనకు ముందున్న వాళ్ల పేర్లు అలా రాసి పెట్టినందుకు కూడా నాకు ఆయన నచ్చుతాడు.

భాస్కర ఉపగ్రహాన్ని మన శ్రీహరికోట నుంచే పంపారు కదా?
— పదో తరగతి విద్యార్థిని, సూళ్లూరుపేట

లేదమ్మా. భాస్కర-1ని 1979 జూన్ 7న, భాస్కర-2ని 1981 నవంబర్ 20న సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి పంపారు. తయారు చేసింది మన ఇస్రో. మీ ఊరి పక్క నుంచి మన సొంత రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది 1980 జులై 18న. ఇంకొక సంగతి: భాస్కరులు ఇద్దరు. ఏడో శతాబ్దంలో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసినవాడు మొదటి భాస్కరుడు. మనం మాట్లాడుకుంటున్న పన్నెండో శతాబ్దపు ఆయన రెండోవాడు. పరీక్షలో కలిపేయకు.

లెక్కలను పద్యాల్లో చెప్పడం సంస్కృతంలోనే ఉందా, తెలుగులో లేదా?
— పాఠకుడు, ఇంకొల్లు

మీ ఊరి పక్కనే పావులూరు ఉంది కదండీ, ఆ పేరు ఇంటిపేరుగా ఉన్న మల్లన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ‘లీలావతి’ని ఎలుగంటి పెద్దన ‘ప్రకీర్ణ గణితము’గా తెలుగు చేశాడు.

మల్లన చదరంగం పద్యం చూడండి. అరవై నాలుగు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే మొత్తాన్ని ఆయన అంకెలు లేకుండా చెప్పాడు. “శర శశి షట్క చంద్ర” అని మొదలవుతుంది. శరాలు అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు ఒకటి. సంస్కృతంలో ‘అంకానాం వామతో గతిః’ అంటారు, అంకెలు కుడి నుంచి ఎడమకు నడవాలి. కాబట్టి ఈ నాలుగూ చివరి నాలుగు అంకెలు: 1615. అలా పద్యం అంతా విప్పితే 18446744073709551615 వస్తుంది. ఒక్క అంకె తప్పు లేదు. నేను కాగితం మీద రెట్టింపులు వేసి సరిచూశాను. రెండు సాయంత్రాలు పట్టింది, రెండుసార్లు తప్పు నాదే.

భాస్కరుడి పుట్టిన ఏడూ ఇలాగే తెలిసింది. “రసగుణపూర్ణమహీ” అన్నాడు. రసాలు ఆరు, గుణాలు మూడు, పూర్ణం సున్నా, మహి ఒకటి. వెనక నుంచి చదివితే 1036 శకం, అంటే 1114. తరువాతి పాదంలో “రసగుణ” వయసులో, అంటే ముప్పై ఆరేళ్లకు, సిద్ధాంతశిరోమణి రాశానన్నాడు. కరణకుతూహలం అనే ఇంకొక గ్రంథం 1183లో రాశాడు, అప్పటికి అరవై తొమ్మిదేళ్లు.

పిల్లలతో షిరిడీ వెళ్తున్నాం. ఆ దారిలో భాస్కరాచార్యుడికి సంబంధించి చూడదగ్గ చోటు ఏదైనా ఉందా?
— గృహిణి, నెల్లూరు

ఉంది, తప్పకుండా వెళ్లండి. మన్మాడ్ నుంచి భూసావల్ వైపు రైలు మార్గంలో చాళీస్‌గావ్ వస్తుంది. అక్కడికి దగ్గరలో, జల్‌గావ్ జిల్లా కొండల అంచున పాటణ అనే ఊరు ఉంది. ఆయన తన ఊరు సహ్యాద్రిలోని విజ్జడవిడం అన్నాడు. పాటణలో దొరికింది మనవడి కాలపు శాసనం. చంగదేవుడు యాదవ రాజు సింఘణుడి ఆస్థాన జ్యోతిష్కుడు. తాతగారి గ్రంథాలు, ముఖ్యంగా సిద్ధాంతశిరోమణి, చదివించడానికి అక్కడ ఒక మఠం పెట్టాడు. ఆ మఠానికి ఇచ్చిన దానాల పత్రమే ఆ 1207 నాటి శాసనం. భావు దాజీ అనే పండితుడు దాన్ని పందొమ్మిదో శతాబ్దంలో వెలుగులోకి తెచ్చాడు.

తాత పేరున విగ్రహం పెట్టకుండా బడి పెట్టిన మనవడు ఉండటం ఆయన అదృష్టం. అయినా ఆ మఠం ఒక్కటే అయితే ఆయన పేరు ఇంత దూరం వచ్చేది కాదు. గణేశ దైవజ్ఞుడు 1545లో లీలావతికి వ్యాఖ్య రాశాడు, ఫైజీ పారసీ చేశాడు, కోల్‌బ్రూక్ 1817లో ఇంగ్లీషు చేశాడు. పేరు తెలియని పంతుళ్లు ఎన్ని తరాలు ఆ తామరమొగ్గను పలకల మీద గీయించారో! పిల్లలను ఆ శాసనం దగ్గరికి తీసుకెళ్లి, దాని ముందు ఒక లెక్క చేయించండి. కింది లెక్క అయినా సరే.

వచ్చే నెలకు: తొమ్మిది మూరల స్తంభం మొదట్లో పాము పుట్ట ఉంది. స్తంభం మీద నెమలి ఉంది. స్తంభం ఎత్తుకు మూడింతల దూరంలో పాము పుట్టవైపు వస్తూ కనిపించింది. నెమలి దాని మీదికి ఏటవాలుగా దూకింది. ఇద్దరూ కదిలిన దూరం సమానం. పుట్టకు ఎన్ని మూరల దూరంలో నెమలి పామును పట్టింది? జవాబు ఒక్కటే రాయకండి, దారి కూడా రాయండి.